మేడకు తెల్ల పూత: సున్నమా, కూల్ రూఫ్ పెయింటా?

బెజవాడ_పైఅంతస్తు:
విజయవాడలో పై అంతస్తు ఇల్లు. స్లాబు 1,200 చదరపు అడుగులు, మీద ఏ పూతా లేక నల్లబడింది. ఎండాకాలంలో మధ్యాహ్నం కన్నా రాత్రి ఎనిమిది, తొమ్మిదింటికి పడకగదిలో ఉడుకు ఎక్కువ, ఫ్యాను వేస్తే సెగే. ఏసీ కొనేలోగా మేడకు తెల్ల పూత వేయిద్దామని ఉంది. సున్నం ఒక్క వానకే పోతుందని కొందరు, పెయింటు పొరలుగా లేస్తుందని కొందరు అంటున్నారు. మేడ మీద వడియాలు, మిరపకాయలు ఎండబెడతాం. వాన నీళ్లు ఇంకుడు గుంతలోకి పోతాయి. ఏది వేయాలో కొలతలతో చెప్పగలరా?

సున్నపుతొట్టి:
రాత్రి ఉడుకుకు కారణం స్లాబే. నల్లబడ్డ కాంక్రీటు ఎండలో ఎక్కువ భాగాన్ని పీల్చుకుంటుంది. ఆ వేడి నాలుగైదు అంగుళాల మందం దాటి సీలింగుకు దిగేసరికి సాయంత్రమవుతుంది. తాజా తెల్ల పూత ఎండను చాలామటుకు వెనక్కి కొడుతుంది కాబట్టి స్లాబు అంతగా కాగదు. వేయించండి, తప్పక పనిచేస్తుంది.

సున్నం ఒక్క వానకే పోయిందంటే లోపం కలపడంలోనో, స్లాబు శుభ్రం చేయడంలోనో ఉంటుంది. ముందు పాచిని వైరు బ్రష్షుతో గీకి, కడగాలి. దుమ్ము మీద వేసిన సున్నం దుమ్ముతోపాటే లేచిపోతుంది.

మీ మేడకు రెండు పూతలకు 25 కిలోల కాల్చిన సున్నపురాయి తెచ్చుకోండి. కిలోకు 5 లీటర్ల నీళ్ల లెక్కన ఇనప డ్రమ్ములో తడపండి. పొంగి సలసలా మరుగుతుంది, పల్చటి ప్లాస్టిక్ బకెట్ తట్టుకోదు. నీళ్లలో రాళ్లు కొద్దికొద్దిగా వేయాలి. కళ్లను పూర్తిగా కప్పే రక్షణ అద్దాలు, చేతి తొడుగులు లేకుండా దగ్గరకు వెళ్లకండి. సున్నం కంట్లో పడితే చూపుకే ప్రమాదం. వెంటనే నీళ్లతో కడుగుతూనే ఆసుపత్రికి వెళ్లాలి. 24 గంటలు నాననిచ్చి గోనెగుడ్డలో వడకట్టండి. వడకట్టని సున్నంలో గడ్డలు తర్వాత పూత మీద ఉబ్బి రాలతాయి. పది లీటర్ల సున్నానికి 40 గ్రాముల తుమ్మజిగురు వేడినీళ్లలో కరిగించి కలపండి, మొత్తానికి అరకిలో. జిగురు లేకపోతే చేతికి అంటుతుంది.

పూత వేసేది పొద్దున్నే, స్లాబు తడిపాక. మిట్టమధ్యాహ్నం కాగిన స్లాబు మీద వేస్తే నీళ్లు క్షణాల్లో ఆవిరై పొడిగా మిగులుతుంది. సున్నం గట్టిపడాలంటే గాలిలోని కార్బన్ డయాక్సైడును పీల్చుకోవాలి, అందుకు కాస్త తడి ఉండాలి. మొదటి పూత ఆరాకే రెండోది, అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి. ఇంత చేసినా అది ఎండాకాలపు పూతే. ఏటా మార్చిలో మళ్లీ వేసుకోవాలి.

కోటింగ్_లెక్క:
పైవారు చెప్పినదంతా సరే. ఏటా వేయించే ఓపిక లేకపోతే ఆక్రిలిక్ కూల్ రూఫ్ పెయింటు చూడండి. మామూలు తెల్ల ఎమల్షన్ వద్దు, నిలిచిన నీళ్లకూ అడుగుల ఒరిపిడికీ తట్టుకోదు. డబ్బా మీద ఎస్.ఆర్.ఐ. విలువ, అంటే పూత ఎండను వెనక్కి కొట్టి ఎంత చల్లగా ఉంటుందో చెప్పే కొలత, ఎంతో చూడండి, 78కి తగ్గకుండా ఉండాలి. రెండు పూతలకు లీటరుకు సుమారు 20 నుంచి 25 చదరపు అడుగులు వస్తుంది, అంటే మీకు 50–60 లీటర్లు. ఖర్చు సున్నం కన్నా చాలా ఎక్కువ.

పెయింటు పొరలుగా లేవడానికి ప్రధాన కారణం స్లాబులో చిక్కుకున్న తడి. అది ఎండకు ఆవిరై పైకి తోసి బొబ్బలు కడుతుంది. పని మొదలుపెట్టేముందు ఒక ప్లాస్టిక్ షీటును స్లాబు మీద పరిచి, అంచులకు టేపు వేసి రాత్రంతా ఉంచండి. పొద్దున దాని అడుగున నీటి చెమ్మ కనబడితే ఇంకా ఆరనివ్వాలి. పగుళ్లుంటే ముందు పూడ్చాలి, పిట్టగోడ మొదట్లో మరీ జాగ్రత్తగా, చాలా ఇళ్లలో కారేది అక్కడే. ప్రైమరు మానకండి. పాత సున్నం మీద నేరుగా పెయింటు వేస్తే రెండూ కలిసి ఊడతాయి. అందుకే రెంటిలో ఏదో ముందే తేల్చుకోవాలి.

తూము దగ్గర నీళ్లు నిలిస్తే వాలు సరిచేయించండి. నిలిచినచోట మట్టి పేరుకుని పూత మళ్లీ నల్లబడుతుంది, తెల్లదనం పోతే పనితనమూ పోతుంది. ఏ పూతయినా ఎండాకాలం ముందు ఒకసారి కడగాలి.

బెజవాడ_పైఅంతస్తు:
ఈ ఏడాదికి సున్నమే వేయిస్తామండి. మరి వడియాలు, ఇంకుడు గుంత? ఏసీ అసలు అవసరం పడదంటారా?

యూనిట్_లెక్క:
వడియాలకు టార్పాలిన్, దాని మీద పాత చీర పరిస్తే సున్నపు పొడి అంటదు. కొత్త సున్నం మీద పడిన మొదటి రెండు మూడు వానల నీళ్లు క్షారంగా ఉంటాయి. గుంతలోకి పోయే గొట్టం మూసి బయటికి వదిలేయండి. సున్నం తేట ఇసుక, కంకర సందుల్లో గట్టిపడితే గుంత ఇంకడమూ తగ్గుతుంది.

ఏసీ విషయానికొస్తే, విజయవాడ ఉక్కపోతను పూత తగ్గించలేదు, పైకప్పు సెగనే ఆపుతుంది. అందుకే ముందు పూత వేసి ఒక నెల చూశాకే ఏసీ కొనండి. అప్పుడు చిన్న సైజే సరిపోవచ్చు. 26 డిగ్రీల దగ్గర పెట్టి తక్కువ కరెంటు లాగే బి.ఎల్.డి.సి. మోటారు ఫ్యాను కలపండి. పాత ఫ్యాను 75 వాట్లు లాగితే ఇది సుమారు 30 వాట్లు. ఏసీ ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు మిగులుతుంది. మన దేశపు గ్రిడ్డులో యూనిట్‌కు దాదాపు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడు వెలువడుతుంది. రాత్రికి 8 యూనిట్లంటే ఐదున్నర కిలోలు. అందులో సగం తగ్గినా ఎంతో చూడండి.

తెలంగాణలో 2023 ఏప్రిల్‌లో కూల్ రూఫ్ విధానం తెచ్చారు, 600 గజాలు, ఆపై స్థలాల్లో కట్టే ఇళ్లకు తప్పనిసరి. దాని కిందకు రాని చిన్న ఇళ్లలోనే పై అంతస్తువాళ్లు ఎక్కువ మాడిపోతున్నారు. రేకుల ఇళ్లకు మరీ అవసరం. రేకులో వేడి దాచుకునే మందం లేదు, పూత వేసిన రోజే తేడా తెలుస్తుంది. ఇనప రేకుకు మాత్రం సున్నం పట్టదు, తుప్పు గీకి మెటల్ ప్రైమరు వేశాక పెయింటే వేయాలి.