సీజర్ సలాడ్: అసలుది ఏది, హోటళ్లు పెడుతున్నది ఏది?

తార్నాక_స్వప్న
నిన్న మా పెళ్లిరోజని మాదాపూర్ వైపు ఒక రెస్టారెంట్‌కి వెళ్లాం. సీజర్ సలాడ్ 420 రూపాయలు. వచ్చిన గిన్నెలో ఐస్‌బర్గ్ ఆకు (క్యాబేజీలా గుండ్రంగా ఉండే లెట్యూస్), స్వీట్ కార్న్, నల్ల ఆలివ్‌లు, టమాటా ముక్కలు, వాటి మీద తియ్యటి మయోనైజ్. రెండేళ్ల కిందట బెంగళూరులో ఇదే పేరుతో తిన్నది పూర్తిగా వేరు. పొడవాటి ఆకులు, వెల్లుల్లి ఘాటు, చీజ్, కరకరలాడే రొట్టె ముక్కలు, అంతే. సర్వర్‌ని అడిగితే "మా దగ్గర సీజర్ ఇలాగే ఉంటుంది మేడమ్" అన్నాడు. అసలు సీజర్ సలాడ్‌లో ఏమేం ఉండాలి? తెలిసినవాళ్లు చెప్పండి.

సీమ_రవి
స్వప్న గారూ, మీకు పెట్టింది సీజర్ కాదు. ఈ సీజర్ రోమ్ చక్రవర్తి కూడా కాదు, సీజర్ కార్డీనీ అనే ఇటాలియన్. అమెరికాలో మద్యనిషేధం ఉన్న రోజుల్లో జనం సరిహద్దు దాటి మెక్సికోలోని టిజువానాకు వెళ్లేవారు. అక్కడ ఈయనకు హోటల్ ఉండేది. 1924 జులై 4, అమెరికా స్వాతంత్ర్య దినం. జనం విరగబడ్డారు, వంటింట్లో సరుకు నిండుకుంది. ఉన్నవాటితోనే కలిపి పెట్టాడు. ఆయన కూతురు రోసా చెప్పిన కథ ఇది. ఆవిడ చెప్పిన సరుకులు: రొమైన్ అనే పొడవాటి లెట్యూస్ ఆకులు, వెల్లుల్లి, ఆలివ్ నూనె, మరిగే నీళ్లలో ఒక్క నిమిషం ఉంచిన గుడ్డు, నిమ్మరసం, పార్మేజాన్ చీజ్, వూస్టర్ సాస్ (పులుపూ ఉప్పూ కలిసిన నల్లటి ఇంగ్లిష్ సాస్), రొట్టె ముక్కలు. ఆంకోవీ చేప లేదు. చికెన్ లేదు. కార్న్ అసలే లేదు. నా దృష్టిలో చర్చ ఇక్కడితో అయిపోయింది.

సుధ_శాన్‌డియాగో
అయిపోలేదండి. టిజువానా మాకు పక్కూరు లాంటిది. అవెనీదా రెవల్యూసియోన్ మీద ఆ 'సీజర్స్' ఇప్పటికీ ఉంది. మా వారూ నేనూ వెళ్లాం. బండి మీద చెక్క గిన్నె పెట్టుకుని మన బల్ల దగ్గరికే వచ్చి చేస్తారు. అందులో ముందుగా పడింది ఆంకోవీయే. వెల్లుల్లితో కలిపి చెక్క గరిటెతో గిన్నె గోడకేసి రుద్ది ముద్ద చేశాడు. తర్వాత డిజాన్ ఆవముద్ద, గుడ్డు సొన, వూస్టర్ సాస్, నిమ్మరసం. ఆలివ్ నూనె సన్నటి ధారగా పోస్తూ చెయ్యి ఆపకుండా తిప్పాడు. చీజ్ తురుము, మిరియాలు. ఆకులు తుంచలేదు, అలాగే నిలువుగా పొర్లించి పళ్లెంలో పేర్చి మీద ఒక రొట్టె ముక్క పెట్టాడు. పుట్టిన చోటే చేప వేస్తుంటే మనం లేదని ఎలా అంటాం?

కాకినాడ_కెరటం
ఆంకోవీ అంటే మన నెత్తళ్ల జాతే కదా. ఉప్పులో ఊరబెట్టి నూనెలో వేస్తారు. వేస్తే రుచి పెరుగుతుందే కానీ తగ్గదు.

సీమ_రవి
సుధ గారూ, ఆ హోటల్ చేతులు మారింది. 2010లో ప్లాసెన్సియా కుటుంబం తీసుకుని మళ్లీ నిలబెట్టింది. మీరు తిన్నది ఇప్పటి వాళ్ల వంట, 1924 వంట కాదు. చేప వేసింది సీజర్ సోదరుడు అలెక్స్ అని చెబుతారు. ఆయన యుద్ధంలో పైలట్‌గా పనిచేశాడు, తను చేసినదాన్ని 'ఏవియేటర్ సలాడ్' అనేవాడు. అంటే దానికి పేరే వేరు. వంటల పుస్తకాలు రాసిన జూలియా చైల్డ్ చిన్నప్పుడు అమ్మానాన్నలతో వెళ్లి సీజర్ చేతి సలాడే తిన్నది. పెద్దయ్యాక రోసాను అడిగి రాసుకున్న పద్ధతిలోనూ ఆంకోవీ లేదు. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

సుధ_శాన్‌డియాగో
రోసా పుట్టింది 1928లో. 1924లో జరిగినదానికి ఆవిడ సాక్షి ఎలా అవుతుంది? నాన్న చెప్పింది విని చెప్పింది. లీవియో సాంతీనీ అని ఆ వంటింట్లోనే పనిచేసినాయన, అది తన తల్లి చేసే వంటకమని అన్నాడు. మరి ఆయన మాట ఎందుకు లెక్కలోకి రాదు?

ఇంకో సంగతి. మీరే చెప్పిన జాబితాలో వూస్టర్ సాస్ ఉంది. అందులో ఉన్నది ఏమిటి? లీ అండ్ పెర్రిన్స్ సీసా లేబుల్ చదవండి. ఆంకోవీ!

సీమ_రవి
సాస్‌లో చుక్క ఉండటం వేరు, చేప వెయ్యడం వేరు. ఈ తేడా తెలియకపోతే నేనేం చెప్పలేను.

గరిటె_పట్టినవాడు
నేను హోటల్ కోల్డ్ కిచెన్‌లో, అంటే సలాడ్‌ల లాంటి చల్లటి వంటకాలు చేసేచోట, 14 ఏళ్లుగా పనిచేస్తున్నా. నాలుగేళ్లు దుబాయ్‌లో, మిగతాది హైదరాబాద్‌లో. ఇక్కడ ఎవరూ మాట్లాడని విషయాలు రెండు చెబుతా.

ఒకటి, ఆకు. సీజర్ నిలబడేదీ పడిపోయేదీ ఆకు దగ్గరే. రొమైన్‌ని ఐసు నీళ్లలో కడిగి, గుడ్డలో చుట్టి ఫ్రిజ్‌లో పెట్టి, చుక్క తడి లేకుండా ఆరనివ్వాలి. తడి ఉంటే సాస్ ఆకుకి పట్టదు, జారి గిన్నె అడుగుకి పోతుంది. వర్షాకాలంలో మాకు రొమైన్ పెట్టె వస్తే సగం ఆకులు అంచులు నల్లబడి ఉంటాయి. పై ఆకులన్నీ తీసేస్తే లోపల పిడికెడు మిగులుతుంది. అందుకే చాలాచోట్ల ఐస్‌బర్గ్ వేస్తారు. అది వారం రోజులు ఆగుతుంది.

రెండు, గుడ్డు. 2024 అక్టోబర్ 30 నుంచి తెలంగాణ ప్రభుత్వం పచ్చి గుడ్డు మయోనైజ్‌ని ఏడాది పాటు నిషేధించింది. అది తిని జనం ఆస్పత్రుల పాలయ్యాకే ఆ ఆర్డర్ వచ్చింది. నిమిషం పాటు వేడినీళ్లలో ఉంచిన గుడ్డు లోపల పచ్చిదే, అందులో సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా చావదు. అప్పటి నుంచి మా వంటింట్లో పచ్చి గుడ్డు ముట్టుకోవడం మానేశాం. ఇప్పుడు గుడ్డు లేని సాసే చేస్తున్నాం. దాన్ని నకిలీ అంటే ఒప్పుకోను.

తార్నాక_స్వప్న
గుడ్డు సంగతి నాకు తెలియదు, థ్యాంక్స్ అన్నా. కానీ స్వీట్ కార్న్ ఎందుకు?

గరిటె_పట్టినవాడు
జనం అడుగుతారు కాబట్టి. 2016లో కొత్తగా చేరినప్పుడు పద్ధతి ప్రకారం ఆంకోవీ రుద్ది చేసి పంపాను. ఒక్క రాత్రిలో ఐదు ప్లేట్లు వెనక్కి వచ్చాయి. "నీచు వాసన", "ఆకులు తప్ప ఏమీ లేవు", "ఇంత డబ్బుకి ఇదేనా" అన్నారట. మేనేజర్ అందరి ముందూ నన్ను నిలబెట్టి ఆ ఐదు ప్లేట్లూ ఒక్కొక్కటే చూపించాడు. మర్నాటి నుంచి చికెన్ చేరింది, కార్న్ చేరింది. ఎవరూ వెనక్కి పంపలేదు. డబ్బు కట్టేది వాళ్లు, రవి గారు కాదు.

సీమ_రవి
అంటే అబద్ధం అమ్మి బతుకుతున్నామని మీరే ఒప్పుకుంటున్నారు.

గరిటె_పట్టినవాడు
మాట జాగ్రత్త. రోజుకి 11 గంటలు నిలబడి చేసే పని ఇది. కంప్యూటర్ ముందు కూర్చుని 1924 గురించి చదివి చెప్పడం కాదు.

పాతబస్తీ_కుర్రోడు
చికెన్ లేకుంటే నేను తినను భయ్యా.

వేంకటలక్ష్మి_గుంటూరు
బాబూ, నేను పెద్దదాన్ని, మధ్యలో మాట్లాడుతున్నానని ఏమీ అనుకోకండి. మా అబ్బాయి డాలస్‌లో ఉంటాడు. పోయినేడాది అక్కడ ఆరు నెలలు ఉన్నాను. మేము ఉల్లి వెల్లుల్లి తింటాం కానీ గుడ్డు దాకా కూడా పోము. బయటికి వెళ్లినప్పుడల్లా "అమ్మా, నీకు సలాడ్ చెప్పాం, ఆకులే" అని నా ముందు ఇది పెట్టేవారు. నాకూ నచ్చింది, ఇష్టంగానే తిన్నాను. ఇంటికీ సీసా తెప్పించారు. ఒకరోజు కళ్లద్దాలు పెట్టుకుని ఆ సీసా తిప్పి చూస్తుంటే సన్న అక్షరాల్లో తెలియని మాట కనపడింది. మనవరాలిని పిలిచి "ఇదేమిటే" అన్నాను. "చిన్న చేపలు నానమ్మా" అంది. దానికి ఎనిమిదేళ్లు. గుడ్డు మాట కూడా అక్కడే ఉంది.

ఆ రాత్రి అన్నం తినలేకపోయాను. మా వాడికి నిజంగా తెలియదు. హోటల్ వాళ్లు అడగందే చెప్పరు. ఆకులు కదా అని మేమూ అడగలేదు. మీరందరూ చేప ఉండాలా వద్దా అని కొట్టుకుంటున్నారు. ఉందని ఎవరైనా ముందు చెప్పాలి కదా?

సీమ_రవి
అమ్మా, అందుకే అంటున్నాను. అసలు పద్ధతిలో చేప లేనే లేదు. అందరూ అసలుదే చేసి ఉంటే మీకు ఈ బాధ వచ్చేది కాదు.

సుధ_శాన్‌డియాగో
మీరు చెప్పే అసలు పద్ధతిలో గుడ్డు ఉంది కదా రవి గారూ. వూస్టర్ సాస్ కూడా ఉంది. "చుక్కే కదా" అని ఆవిడకు చెప్పగలరా?

సీమ_రవి
నేను మాట్లాడేది పేరు గురించి! ఒక మనిషి పేరు పెట్టుకుని అమ్మిన వస్తువు అది. ఆ పేరుతో ఎవడికి తోచింది వాడు అమ్మితే ఎలా? అది మీకెవరికీ పట్టడం లేదు.

కాకినాడ_కెరటం
నిమ్మకాయ పులిహోర కూడా పులిహోరే అంటున్నాం కదా అన్నా. చింతపండు లేదని ఎవరైనా కొట్టుకున్నారా? ఇంత కోపం దేనికి?

సీమ_రవి
చెబుతా, వినండి. అనంతపురంలో మా నాన్నకి చిన్న మిఠాయి కొట్టు ఉండేది. నేతి ఓళిగలు. శనగపప్పు ఉడికించి, బెల్లం వేసి మా అమ్మ రుబ్బితే, నాన్న పెనం మీద నెయ్యి పోసి కాల్చేవారు. పొద్దున ఐదుకి వెళితే రాత్రి తొమ్మిదికి వచ్చేవారు, చేతులు నెయ్యి వాసన వేసేవి. ఎదురుగా ఇంకొకాయన కొట్టు తెరిచి అదే బోర్డు పెట్టాడు. నేతి ఓళిగలు. చేసేది డాల్డాతో. సగం ధర. రెండేళ్లు తిరక్కుండా 2009లో మాది మూతపడింది. "నీ ఓళిగలకీ వాడి ఓళిగలకీ తేడా ఏముందయ్యా, పేరు ఒకటే కదా" అని పాత గిరాకీలే అన్నారు. ఆ మాట నాన్న చివరిదాకా మర్చిపోలేదు. అందుకే పేరు పెట్టి వేరేది అమ్మితే నాకు కడుపు రగులుతుంది. అది సీజర్ కానీ, ఓళిగ కానీ.

తార్నాక_స్వప్న
రవి గారూ, మీ కోపం ఎందుకో ఇప్పుడు అర్థమైంది. నాన్నగారి సంగతి చదివి బాధేసింది.

గరిటె_పట్టినవాడు
రవి గారూ, మీ నాన్నగారి లాంటి వాళ్ల దగ్గరే నేను పని నేర్చుకున్నా. నన్ను ఆ డాల్డా మనిషితో పోల్చకండి. రొట్టె ముక్కలు ప్యాకెట్‌లోవి వాడితే పని సులువు. నేను ఇప్పటికీ రోజూ వెల్లుల్లి నూనెలో కాల్చుకుంటాను, వద్దని మేనేజర్ అన్నా సరే. కార్న్ వేసినప్పుడు దాన్ని సీజర్ అనకూడదని నాకూ అనిపిస్తుంది. మెనూ నా చేతిలో లేదు.

కానీ లక్ష్మి అమ్మగారు అడిగింది చదివాక ఒకటి చెప్పకుండా ఉండలేకపోతున్నా. దుబాయ్‌లో ఉన్నప్పుడు మనవాళ్ల కుటుంబాలు చాలా వచ్చేవి. "వెజ్‌గా చెయ్యగలరా" అని చీటీ వచ్చేది. ఆంకోవీ తీసేసేవాణ్ణి, గుడ్డు తీసేసేవాణ్ణి, వూస్టర్ కూడా మానేసేవాణ్ణి. చీజ్ మాత్రం వేసేవాణ్ణి. అది ఇటలీ నుంచి వచ్చే పార్మిజానో రెజ్జానో. పాలు విరగడానికి దూడ పొట్టలో నుంచి తీసిన రెన్నెట్టే వాడాలి, అది వాళ్ల నిబంధన. నాకు ట్రైనింగ్‌లోనే చెప్పారు. తెలిసీ వేశాను, వెజ్ అని పంపాను. ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. నాలుగేళ్లలో ఎన్ని ప్లేట్లో లెక్క లేదు.

సుధ_శాన్‌డియాగో
ఇక్కడ మన గుళ్లో భోజనాల దగ్గర కూడా ఆ చీజే చూశాను. నేనూ ఎప్పుడూ లేబుల్ చూడలేదు.

సీమ_రవి
గరిటె గారూ, ఇందాక అబద్ధం అన్న మాట వెనక్కి తీసుకుంటున్నా. కానీ ఈ చీజ్ పని మాత్రం తప్పే.

గరిటె_పట్టినవాడు
తప్పే. అందుకే చెప్పా.

వేంకటలక్ష్మి_గుంటూరు
బాబూ, నువ్వు చెప్పావు, అదే చాలు. ఇన్నాళ్లకి ఒక వంటమనిషి నోటితో విన్నాను. నిన్నేమీ అనను. రవి బాబూ, మీ నాన్నగారి ఓళిగలకీ నా సలాడ్‌కీ బాధ ఒకటే నాన్నా. ఆయన నెయ్యి వేశాడని జనానికి తెలియలేదు, నాకు చేప వేశారని తెలియలేదు.

సీమ_రవి
అవునమ్మా. నేను అలా ఆలోచించలేదు. అయినా చేప 1924లో లేదు, ఆ మాట మీద నేను నిలబడే ఉంటాను.

సుధ_శాన్‌డియాగో
నిలబడండి. నేను మాత్రం ఒప్పుకోను.

తార్నాక_స్వప్న
గరిటె అన్నా, ఇంట్లో చేసుకోవడానికి చేప, గుడ్డు లేకుండా పద్ధతి చెప్పగలవా? అమ్మగారు కూడా చేసుకోవచ్చు.

గరిటె_పట్టినవాడు
ఇద్దరికి చెబుతా. రెండు వెల్లుల్లి రెబ్బలు చిటికెడు రాళ్ల ఉప్పుతో రోట్లో మెత్తగా నూరండి. ఒక చెంచా ఆవముద్ద, గుడ్డు బదులు నీళ్లు వడకట్టిన చిక్కటి పెరుగు రెండు చెంచాలు. ఆంకోవీ ఇచ్చే ఉప్పదనానికి కేపర్లు (ఉప్పులో ఊరబెట్టిన చిన్న పూమొగ్గలు) అరచెంచా నూరి వెయ్యండి, దొరక్కపోతే వదిలేయండి. ఒక నిమ్మకాయ రసం. పెద్ద పసుపు లెమన్ కోసం వెతకొద్దు. మెక్సికోలో వాడే చిన్న నిమ్మకాయ మన నిమ్మకాయ జాతిదే, గూడూరు కాయ భేషుగ్గా సరిపోతుంది. నాలుగు చెంచాల ఆలివ్ నూనె కొద్దికొద్దిగా పోస్తూ గిలకొట్టండి. రుచి చూసి ఉప్పు వెయ్యండి, చీజ్‌లో ఉప్పు ఉంటుంది. ఆకులు ఆరాక, తినే ముందే కలపండి. పది నిమిషాలు ఆగినా వాడిపోతాయి. వూస్టర్ సాస్ కావాలంటే ఇక్కడ ఆకుపచ్చ చుక్క ఉన్న సీసాలు దొరుకుతాయి, చుక్క చూసి కొనండి.

పాతబస్తీ_కుర్రోడు
సేవ్ చేసుకున్నా భయ్యా. చికెన్ నేను కలుపుకుంటా.

వేంకటలక్ష్మి_గుంటూరు
పెరుగుతో చేసి చూస్తాను బాబూ. చీజ్ ఏ కంపెనీది కొనాలో, దాని మీద ఏ మాట చూసుకోవాలో కూడా రాసి పెట్టు. మా అబ్బాయికి ఫోన్‌లో పంపాలి.

గరిటె_పట్టినవాడు
'మైక్రోబియల్ రెన్నెట్' లేదా 'వెజిటేరియన్ రెన్నెట్' అని ఉంటే తీసుకోమనండి అమ్మా. ఊరికే 'రెన్నెట్' అని ఉంటే వద్దు. మా స్టోర్‌లో ఉన్న చీజ్‌ల లేబుళ్లు సోమవారం డ్యూటీకి వెళ్లగానే ఫోటోలు తీసి ఇక్కడ పెడతాను.