పీపాల పందెం: కళ్ళెం గురించి, పరుగు మొదలుపెట్టడం గురించి సలహా కావాలి

ప్రశ్న (కావలి నుంచి)

అందరికీ నమస్కారం. గుర్రం మీద మూడు పీపాల చుట్టూ తిరిగి వచ్చే, అమెరికాలో బారెల్ రేసింగ్ అనే పందేన్ని మా చెరువు పక్క ఇసుక నేలలో మూడు ఖాళీ పీపాలు నిలబెట్టి ఏడాదిగా సాధన చేస్తున్నాను. నాది ఆరేళ్ళ మార్వాడీ ఆడగుర్రం. పెళ్ళి ఊరేగింపులకు తిప్పేవారి దగ్గర కొన్నాను. వారిచ్చిన కళ్ళెంలో నోటి ఇనుముకు ముళ్ళున్నాయి. పరుగు మొదలయ్యే గీత దగ్గరికి రాగానే గుర్రం తల విదిలించి వెనక్కి నడుస్తుంది, ఒక్కోసారి ముందుకాళ్ళు పైకెత్తేస్తుంది. ఇంకా గట్టి కళ్ళెం వేయమని ఒకరు, నిబంధనలు ఒప్పుకోవని మరొకరు అంటున్నారు. ఏది సరి?

జవాబు (నెల్లూరు)

ముందు ఆ ముళ్ళ కళ్ళెం తీసేయండి. బరువులు లాగే, మోసే జంతువుల విషయంలో 1965లో వచ్చిన కేంద్ర నిబంధనలు ముళ్ళున్న కళ్ళేన్ని స్వారీకి సైతం నిషేధించాయి. అమెరికన్ క్వార్టర్ హార్స్ అనే గుర్రపు జాతి సంఘం ఈ పందెంలో కళ్ళెం ఎంపికను రౌతుకే వదిలినా, క్రూరమైనదని తోస్తే వద్దనే అధికారం న్యాయనిర్ణేతకు ఇచ్చింది. నోటి ఇనుముకు కింద పొడవాటి కాడలున్న కర్బ్ రకంలో మీరు లాగిన బలం కాడ పొడవును బట్టి రెండింతలో మూడింతలో అయి దవడకు తగులుతుంది. కాడలు లేని, రెండు రింగుల స్నాఫిల్ రకంలో లాగినంతే తగులుతుంది. మీరు స్నాఫిల్‌తో మొదలుపెట్టండి.

జవాబు (ఒంగోలు, పశువైద్యుడు)

కళ్ళెం మార్చే ముందు నోరు చూపించండి. ముందుపళ్ళకూ దవడపళ్ళకూ మధ్య ఉన్న ఖాళీలో, ఎముక మీద పలచటి చర్మం ఉన్న చోటే ఇనుము ఆనుతుంది. అక్కడ పుండుంటే ఎంత మెత్తటి కళ్ళెమైనా బాధే. కొన్ని గుర్రాలకు మొదటి దవడపన్ను ముందు చిన్న పన్ను ఉంటుంది, దానికి ఇనుము తగిలినా తల విదిలిస్తాయి.

జవాబు (కందుకూరు)

నోరు బాగున్నా గీత దగ్గర భయం వెంటనే పోదు, ఎందుకంటే అక్కడికి వచ్చిన ప్రతిసారీ పగ్గం బిగించి, మడమలతో పొడిచి ఉంటారు. ఆగమనీ పొమ్మనీ ఒకేసారి చెబితే దానికి పైకి లేవడం తప్ప దారి లేదు. మా బండలాగుడు ఎద్దుల దగ్గరా నేను ఇదే చూశాను: ముకుతాడు పట్టి ఊపినకొద్దీ గిత్త వెనక్కే జరుగుతుంది. కాబట్టి కొన్ని వారాలు గీత దాకా నడిపించి, వదులు పగ్గంతో నిలబెట్టి, మెడ నిమిరి, పరుగెత్తించకుండానే వెనక్కి తీసుకెళ్ళండి. పది రాకలలో ఒక్కదానికి మాత్రమే పరుగు ఉండాలి. ఈ పందెంలో పరుగుతోనే గీత దాటవచ్చు, గుర్రం ముక్కు గీతను చేరిన క్షణం నుంచే సమయం లెక్కిస్తారు. అందుచేత గీత దగ్గర నిలిపి ఉంచాల్సిన పనే లేదు. దూరం నుంచే నిదానంగా కదిలి, పీపా వైపు కాకుండా దాని పక్కన ఐదారు అడుగుల ఖాళీ వైపు చూస్తూ వదలండి. పీపాకు ముందే జీనులో లోతుగా కూర్చుంటే వేగం తగ్గుతుంది, పగ్గం లాగనక్కరలేదు.

ప్రశ్నించినవారు

నోరు చూపించాను, లోపల ఒకవైపు పుండు ఉంది. అది మానేవరకు కళ్ళెమే వేయను. పీపాల దూరం ఎంత ఉంచాలి?

జవాబు (కందుకూరు)

గీత నుంచి మొదటి రెండింటికీ 60 అడుగులు, ఆ రెండింటి మధ్య 90, వాటి నుంచి మూడోదానికి 105. పీపా పడితే అమెరికాలో రోడియో అనే గుర్రాల, పశువుల పోటీల మహిళా సంఘం లెక్కలో 5 సెకన్లు కలుస్తాయి. పుండు మానేదాకా తలతాడుతోనే ఆ దారంతా నడిపించండి.