జునిపర్ తైలం అరగంట కూడా నిలవడం లేదు: కల్తీయా, నా పొరపాటా?

ప్రశ్న: విశాఖ అభ్యాసి

సభ్యులందరికీ నమస్కారం. రెండేళ్లుగా ఇంట్లోనే సహజ తైలాలతో చిన్న మోతాదుల్లో పరిమళాలు కలుపుతున్నాను. ఆరు నెలల కిందట జునిపర్ అనే సూదాకుల పొద కాయల తైలం తెప్పించి, నారింజ తొక్క నూనె, వట్టివేరు తైలాలతో కలిపి చూశాను. కాగితపు పట్టీ మీద మొదటి కొద్ది నిమిషాలు పచ్చి పైన్ ఆకును వేళ్ల మధ్య నలిపినట్టు, వెంటనే మిరియం కొరికినట్టు చక్కగా తోచింది. అరగంట గడిచేసరికి జునిపర్ జాడే లేదు, వట్టివేరు ఒక్కటే మిగిలింది. మోతాదు రెట్టింపు చేసినా మరో పది నిమిషాలకు మించి నిలవలేదు. పైగా సగం ఖాళీ అయిన ఆ సీసా మూత తీస్తే, ఇప్పుడు రంగులు వేసేవారి టర్పెంటైన్ డబ్బా గుర్తుకొస్తోంది. నాకు అంటగట్టింది కల్తీ సరుకా, లేక నా పద్ధతిలోనే లోపం ఉందా?

సమాధానం: తైలాల బీరువా

సీసా చూడకుండా కల్తీ లేదని చెప్పలేను గాని, మీరు రాసిన రెండు లక్షణాలూ అసలైన తైలానికీ ఉంటాయి. జునిపెరస్ కమ్యూనిస్ కాయలను ఆవిరి పట్టి తీసే తైలంలో సాధారణంగా అన్నిటికన్నా ఎక్కువగా ఉండేది ఆల్ఫా పైనీన్, టర్పెంటైన్‌లోనూ ప్రధానమైనది అదే. పది కార్బన్ పరమాణువుల ఆ చిన్న పదార్థం, దాని తోటివైన సాబినీన్, మిర్సీన్, లిమోనీన్ త్వరగా ఎగిరిపోతాయి కాబట్టి, మోతాదు పెంచితే మొదటి ఘాటు పెరుగుతుందే తప్ప ఆయుష్షు పెద్దగా పెరగదు.

ఇక వాసన మారడానికి కారణం సీసాలోని ఖాళీయే. ఆ ఖాళీలో ఉన్న గాలి పైనీన్ వంటి ఈ తేలిక పదార్థాలను (వీటినే టెర్పీన్లంటారు) ఆక్సీకరిస్తుంది. అలా పాడైన నూనె చర్మానికి అలర్జీ తెచ్చే ప్రమాదం ఉంది కనుక దానిని ఒంటికి రాసుకునే వాటిలో వాడకండి. కొత్తది కొన్నప్పుడు చిన్న సీసాల్లోకి మెడ దాకా నింపి, ఫ్రిజ్‌లో పెట్టండి. కల్తీ సంగతి తేలాలంటే అమ్మినవారిని గ్యాస్ క్రొమటోగ్రఫీ నివేదిక, అంటే తైలంలో ఏ పదార్థం ఎంత ఉందో చూపే పరీక్ష పత్రం, అడగండి. అందులో పైనీన్ తప్ప మిగతావి నామమాత్రంగా ఉంటే అనుమానించవలసిందే.

మాటవరసకు చెబుతున్నాను, మనం కాయ అంటున్నది నిజానికి కాయ కాదు, పొలుసులు కండపట్టి ఒకదానితో ఒకటి కలిసిపోయిన, పైన్ చెట్టుకు వచ్చే తరహా శంకువు (కోన్). పండడానికి ఏడాదిన్నర నుంచి మూడేళ్ల దాకా పడుతుంది కాబట్టి ఒకే కొమ్మ మీద పచ్చనివి, నీలినలుపువి పక్కపక్కనే ఉంటాయి. ఇటలీలోని టస్కనీలో కొమ్మ కింద బుట్ట పట్టి కర్రతో తడితే పండినవి రాలతాయి, పచ్చివి మరుసటి ఏటికి మిగులుతాయి. మన ఆయుర్వేదంలో హపుష అనేది దీనినే.

సమాధానం: పాత అత్తరు

పై సభ్యుడు చెప్పినది సబబే. జునిపర్‌ను పట్టి నిలబెట్టాలనే ప్రయత్నం మానుకొని, అది లేచిపోయిన చోట దాని బంధువును కూర్చోబెట్టండి. బజారులో వర్జీనియా సెడార్ పేరుతో దొరికే తైలం సెడార్‌ది కానే కాదు, అది జునిపెరస్ వర్జీనియానా అనే మరో జునిపర్ కర్రది. టెక్సాస్ సెడార్ సంగతీ అంతే. నిజమైన సెడార్లలో మన హిమాలయాల దేవదారు ఒకటి. ఒకప్పుడు పెన్సిళ్లు చేసింది ఈ వర్జీనియా కర్రతోనే. అందులోని సెడ్రోల్ పదిహేను కార్బన్‌ల బరువైన పదార్థం కనుక పట్టీ మీద గంటల తరబడి ఉంటుంది. జునిపర్ 3 పాళ్లకు ఇది 4 పాళ్లు కలిపి, వట్టివేరును సగానికి తగ్గించండి, అది మితిమీరితే అన్నిటినీ మింగేస్తుంది.

మరో దారి ఆంజెలికా వేరు. ఫ్రెడరిక్ మాల్ పరిమళాల సంస్థకు జాన్ క్లోద్ ఎలెనా 2000లో చేసిన ఆంజెలిక్ సు లా ప్లుయీ అనే పరిమళంలో జునిపర్, ఆంజెలికా కలిసే నడుస్తాయి. జిన్ తయారీలోనూ ఈ జంట పాతదే. ఆ వేరులో కస్తూరిని తలపించే లాక్టోన్లు అనే సువాసన పదార్థాలు ఉన్నాయి. అయితే ఎండ తగిలితే చర్మం కందే గుణం దానికి ఉంది, కాబట్టి అతి తక్కువగా వాడాలి.

సమాధానం: తైలాల బీరువా

పొగవాసన కోసం ఎవరైనా కేడ్ తైలం వాడమని మీకు చెబితే జాగ్రత్త పడండి. అది జునిపెరస్ ఆక్సిసెడ్రస్ కర్రను కాల్చి తీసే తారు. శుద్ధి చేయని దానిని పరిమళాల్లో వాడరాదని అంతర్జాతీయ పరిమళాల సంఘం ఇఫ్రా నిషేధించింది. నా మటుకు తుంగముస్తల తైలం ఆ పని నిశ్చింతగా చేస్తుంది, ఇక్కడ సులువుగా దొరుకుతుంది కూడా.

ప్రశ్న అడిగినవారు: విశాఖ అభ్యాసి

ఇద్దరికీ కృతజ్ఞతలు. కొత్త సీసా తెప్పించి, చెప్పిన పాళ్లలో కలిపి, పదో వంతుకు పలుచన చేసిన తుంగముస్తల తైలం రెండు చుక్కలు చేర్చాను. మూడు గంటల తరువాత పట్టీని మా అన్నయ్యకు చూపించగా, పెన్సిల్ చెక్కిన పొట్టు వాసన వస్తోందన్నాడు. జునిపర్ పోయిందని అతనికి తెలియనే లేదు. ఆంజెలికా ఇంకా దొరకలేదు.