మొదటి యాంటీబాడీ లేకున్నా కాలేయం స్లైడుకు గోధుమ రంగు ఎందుకు?

చిట్టెలుక కాలేయంలో ఒక ప్రోటీన్ జాడ కోసం ఇమ్యూనోహిస్టోకెమిస్ట్రీ (యాంటీబాడీల సాయంతో కణజాలంలో ప్రోటీన్‌ను రంగుగా చూపే పద్ధతి) చేస్తున్నాను. పారాఫిన్‌లో అమర్చి 5 మైక్రాన్ల మందాన కోసిన పొరలు. సిట్రేట్ బఫర్‌లో వేడి చేశాక, కణజాలపు సొంత పెరాక్సిడేజ్ ఎంజైమ్ రంగు తేకుండా 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో 10 నిమిషాలు ఉంచాను. అయినా డ్యాబ్ (DAB, పెరాక్సిడేజ్ తగిలితే గోధుమ రంగుకు మారే రసాయనం) వేయగానే కణాలన్నిటినీ గోధుమ రంగు కమ్మేస్తోంది. కలవరపెడుతున్నది ఏమిటంటే, మొదటి యాంటీబాడీ (నా ప్రోటీన్‌కు నేరుగా అతుక్కునేది) వేయని స్లైడు కూడా అలాగే ఉంది! అంటే ఆ రంగు నా ప్రోటీన్‌ది కానే కాదు. అదే రోజు, అవే ద్రావణాలతో చేసిన ప్లీహం స్లైడు మాత్రం శుభ్రంగా వచ్చింది.

వాడుతున్నది అవిడిన్-బయోటిన్ పద్ధతి: బయోటిన్ అనే విటమిన్‌కు అవిడిన్ ప్రోటీన్ గట్టిగా అతుక్కోవడం ద్వారా రంగు తెచ్చే ఎంజైమ్‌ను చేర్చేది. కాలేయంలో సహజంగానే బయోటిన్ ఎక్కువ, వేడి చేస్తే మరింత బయటపడుతుంది కాబట్టి నా అనుమానం దానిమీదే. యాంటీబాడీకి ముందు అవిడిన్, ఆపై బయోటిన్ వేసి అడ్డుకుంటే సరిపోతుందా, లేక బయోటిన్ లేని పాలిమర్ పద్ధతికి మారాలా? కణజాలం కొద్దిగానే మిగిలింది. కాలేయంతో పనిచేసినవారు దయచేసి చెప్పండి.