పిల్లలు పెద్దయ్యాక డాక్టర్ చదువు: ఆ సీటు ఎవరిది?

ప్రశ్న: నాకు 41 ఏళ్లు. పిల్లలు కాలేజీకి వచ్చారు. డాక్టర్ కావాలన్న కోరిక పెళ్లితో పక్కకు పోయింది కానీ చావలేదు. ఇప్పుడు దరఖాస్తు చేస్తానంటే, ‘ఒక చిన్నవాడి సీటు లాక్కుంటావా?’ అని ఇంట్లో అడుగుతున్నారు. అది నిజంగా అన్యాయమా?

ఒక విద్యార్థి తండ్రి: అన్యాయమే అంటాను. సీట్లు తక్కువ. 18 ఏళ్లకు చేరినవారు నలభై ఏళ్లు వైద్యం చేస్తారు. మీరు చదువు ముగించేసరికి యాభై దగ్గరపడతాయి. సమాజం పెట్టిన ఖర్చు తిరిగి రావద్దా?

వైద్య కళాశాల అధ్యాపకురాలు: అయ్యా, లెక్క పూర్తిగా వేయండి. ఎంబీబీఎస్ నాలుగున్నరేళ్లు, ఇంటర్న్‌షిప్ ఏడాది. 42కు చేరితే 48 లోపే డాక్టర్. 65 వరకు పనిచేసినా పదిహేడేళ్లకు పైగా రోగులకు అందుబాటులో ఉంటారు. అది తక్కువా? పద్దెనిమిదేళ్ల పిల్లవాణ్ణి చేర్చుకునేటప్పుడు ‘నలభై ఏళ్లు వృత్తిలోనే ఉంటావా?’ అని ఎవరూ అడగరు. వృత్తి వదిలేసేవారు ఆ వయసువారిలోనూ ఉన్నారు. భారతదేశంలో నీట్‌కు గరిష్ఠ వయోపరిమితిని 2022లో ఎత్తివేశారు. కాబట్టి ఆమె ఎవరి సీటూ లాక్కోవడం లేదు, అదే పరీక్ష రాసి అదే ర్యాంకుతో తెచ్చుకోవాలి.

అయితే అమ్మా, మీతో ఒక మాట. ఏ శాఖ ఎంచుకుంటారన్నది మీ వయసులో చాలా ముఖ్యం. పీజీ మరో మూడేళ్లు, సూపర్ స్పెషాలిటీ ఇంకో మూడేళ్లు. గుండె శస్త్రచికిత్స మీద మనసుంటే 54 వరకు విద్యార్థిగానే ఉండాలి, అది నేను ప్రోత్సహించను. ఫ్యామిలీ మెడిసిన్, మనోవైద్యం అలా కాదు. ఇంటెడు బాధ్యత మోసినవారు రోగి మాటను ఓపికగా వినగలరు, ఆ శాఖలకు కావలసింది అదే.

విద్యార్థి తండ్రి: సరే, సేవాకాలం మాట వదిలేస్తాను. డబ్బు సంగతి? యాభైలో అప్పు తీర్చడం మొదలుపెడితే ముసలితనానికి ఏం మిగులుతుంది? రాత్రి డ్యూటీల మాటేమిటి? అమెరికాలో రెసిడెంట్లకు, అంటే ఆసుపత్రుల్లో శిక్షణ పొందే డాక్టర్లకు, వారానికి 80 గంటలన్నది పరిమితి అట, అంటే అంతవరకు పనిచేయించవచ్చనే కదా!

అధ్యాపకురాలు: అప్పు విషయంలో మీతో ఏకీభవిస్తాను. వృద్ధాప్యం కోసం దాచినది కదిలించాల్సి వస్తే నేనూ వద్దనే చెబుతాను. రాత్రి డ్యూటీ ఇరవై అయిదేళ్లవారినీ కుంగదీస్తుంది. ఆ గంటలు తగ్గించమని అందరి కోసమూ పోరాడాలి, పెద్దవారిని గుమ్మం బయట ఆపడం దానికి మందు కాదు.

అమ్మా, నీట్‌లో 180 ప్రశ్నల్లో 90 జీవశాస్త్రానివి. మిగిలిన సగం భౌతిక, రసాయన శాస్త్రాలది. చదువు వదిలి ఇరవై ఏళ్లు దాటినవారికి ఆ సగమే కొరకరాని కొయ్య. ముందు భౌతికశాస్త్రం పుస్తకం తెరవండి. ఆరు నెలలు పట్టుగా చదివి, పాత ప్రశ్నపత్రాలు గడియారం పెట్టుకుని రాయండి. ఆ మార్కులు చేతిలో పెట్టుకుని ఇంట్లో మళ్లీ మాట్లాడండి.