"అని నొత్తురు"లో ఆ "న" ఎవరిది? (చైనా వ్యాసం కోసం అడుగుతున్నా)

తెనాలి తమ్ముడు:
అందరికీ నమస్కారం. మా ఊరి లైబ్రరీ వాళ్లు వేసే చిన్న పత్రికకి వ్యాసం రాస్తున్నా, చైనా సైన్యం, అణ్వాయుధాలు అమెరికాకి నిజంగా ప్రమాదమా కాదా అని. రెండు చోట్ల ఆగిపోయా. ఒకటి, హెడ్డింగ్‌లో "ముప్పు" అనాలా "బెదిరింపు" అనాలా, ఇంగ్లీషు వాడు రెంటికీ ఒకటే మాటతో పని కానిచ్చేస్తాడు, మనకి అలా కుదరదు కదా. రెండోది, మొదట్లో తిరుపతి వేంకట కవుల నాటకంలో రాయబారం పద్యం పెడదామనుకున్నా, ధర్మరాజు గురించి కృష్ణుడు దుర్యోధనుడితో అనే "అలుగుటయే యెరుంగని" అదే. 1964లో మొదటి బాంబు పేల్చిన రోజునించీ చైనా "ముందు మేం వాడం" అనే అంటోంది, అలగనివాడు అలిగితే అన్న పోలిక బావుంటుందని. మూడో పాదం దగ్గర తడబడుతున్నా, "కర్ణులు పదివేవురైన" తర్వాత ఏదో ఉండి "నొత్తురు చత్తురు". ఎవరికైనా గుర్తుందా?

గోదారి గట్టు:
"పదివేవురైన నని నొత్తురు చత్తురు రాజరాజ నా". "అని" అంటే యుద్ధం. అనిన్ + ఒత్తురు. పదివేలమంది కర్ణులు యుద్ధంలో ఒత్తుకొస్తారు, చస్తారు. అయిపోయింది.

బొబ్బిలి వీణ:
అప్పుడే అయిపోలేదు మాస్టారూ. అది నొత్తురు. నొచ్చు ధాతువు. చచ్చు చత్తురు అయినట్టు, వచ్చు వత్తురు అయినట్టు, నొచ్చు నొత్తురు. దెబ్బ తింటారు, చస్తారు. ఒత్తుకు రావడానికి అదేమన్నా తిరనాళ్లా.

గోదారి గట్టు:
మరి "అని" అన్న మాటకి విభక్తి ఏదండీ? ఆ నకారాన్ని మీరు నొత్తురుకి ఇచ్చేస్తే "యుద్ధంలో" అన్న అర్థం ఎక్కణ్ణుంచి వస్తుంది?

బొబ్బిలి వీణ:
అనిన్ నొత్తురు. ద్రుతం, అదే ఆ చివరి "న్", లోపించింది. చిన్నయసూరి గారి వ్యాకరణం ఇంట్లో ఉంటే ఒకసారి దుమ్ము దులపండి.

కడప కుర్రోడు:
యతి చూసుకోండప్పా ఊరికే కొట్టుకోకుండా. కర్ణులులో "క" రెండో పాదం చివర్న ఉండిపోయింది, మూడో పాదం "ర్ణు"తో మొదలు. దానికి పొత్తు కుదరాల్సిన పదకొండో అక్షరం "నొ". ణు కి నొ సరిపోయింది.

గోదారి గట్టు:
సరిపోయింది నాయనా, ఇద్దరికీ సరిపోయింది. ఎలా విడదీసినా కాగితం మీద ఉండేది "నొ"యే. యతితో తేలేదైతే ఈపాటికి తేలేది.

ఓరుగల్లు పిల్లోడు:
పద్యం సంగతి మీరు చూసుకోండ్రి గని అసలు పోలికనే తప్పు కదా అన్నా. అజాతశత్రువు అంటే పగవాడే పుట్టనోడు. చైనా 1962ల మనతోని కొట్లాడింది, 1969ల రష్యాతోని, 1979ల వియత్నాంతోని. అంతకుముందు కొరియాల అమెరికాతోనే మూడేండ్లు. గిదేం ధర్మరాజు?

గోదారి గట్టు:
ముందుగా, పద్యంలో ఉన్నది అజాతశత్రువు కాదు, "అజాతశత్రుడే". ఆ "డే" మీదే ఒక వారం మాట్లాడొచ్చు.

తెనాలి తమ్ముడు:
మాస్టారూ వారం వద్దు, పేజీ రేపు వెళ్లిపోవాలి 🙏 ముప్పా బెదిరింపా?

డెన్వర్ బాబాయ్:
తమ్ముడూ దీనికి నేను చెప్తా, మేముండేది అమెరికాలోనే కాబట్టి. కొలరాడో ఈశాన్యం వైపు గోధుమ చేల మధ్య కారులో పోతుంటే అక్కడక్కడ ఇనప కంచె కనపడుతుంది, లోపల గడ్డి కూడా ఉండదు, కంకర, ఒక కాంక్రీటు మూత, రెండు స్తంభాలు. మా అమ్మాయి బోరుబావి అనుకుంది. దాని కింద మినిట్‌మ్యాన్ అనే అణు క్షిపణి. ఇలాంటివి ఇక్కడ, వయోమింగ్, నెబ్రాస్కా, మోంటానా, నార్త్ డకోటాల్లో కలిపి 400. పక్కనే రైతు ట్రాక్టరు తోలుకుంటూ ఉంటాడు. అది ముప్పు, ఎవరూ ఎవర్నీ ఒక్క మాట అన్లేదు, అయినా ఉంది. బెదిరింపుకి నోరు కావాలి. ముప్పుకి అక్కర్లేదు.

బొబ్బిలి వీణ:
బావుంది బాబాయ్. బెదిరింపు అంటే తిరుపతి వేంకట కవులదే బెదిరింపు. "దోసమటంచెరింగియు" అని మీసాల పద్యం ఉందే, మమ్మల్ని గెలిస్తే మీసం తీసేసి మీ కాళ్ల దగ్గర తల పెడతాం అని. రెండు భాషల పండితులందర్నీ ఒక్క పద్యంతో బెదిరించారు, మళ్లీ అవధానంలో చూపించారు. 2025 సెప్టెంబరు 3న బీజింగ్‌లో పెరేడ్ చూశారా, భూమి మీంచి, నీళ్లలోంచి, విమానంలోంచి వేసే అణు క్షిపణులు మూడూ మొదటిసారి ఒకే ఊరేగింపులో. మీసం దువ్వడం అంటే అదీ.

కడప కుర్రోడు:
మీసం దువ్వేదానికీ చేతిలో ఉన్నదానికీ లెక్క చూడాల గదా. చైనాకి అణుబాంబులు 600 పైచిలుకు, అమెరికా నిలవ 3,700 దాకా. పదివేవురు మాట అట్ల పెట్టండి.

డెన్వర్ బాబాయ్:
లెక్క కాదు బాబూ, పెరిగే జోరు చూడు. 2030 కల్లా వెయ్యి దాటుతాయని పెంటగన్ అంచనా. 2021లో ఉపగ్రహం ఫొటోల్లో చైనాలో గాన్సు రాష్ట్రం యూమెన్ దగ్గర ఎడారిలో 120 దాకా క్షిపణి గుంతలు బయటపడ్డాయి, తర్వాత హామీ, ఆర్డోస్ అనే చోట్ల కూడా. 2024 సెప్టెంబరులో పసిఫిక్‌లోకి ఖండాంతర క్షిపణి వదిలారు, అలా బాహాటంగా వదలడం 1980 తర్వాత అదే. అంటే మా గోధుమ చేలు అక్కడా మొలిచాయన్నమాట.

గోదారి గట్టు:
అందుకే కదా ఆ నాటకం పేరు పాండవోద్యోగం. ఉద్యోగం అంటే జీతం కాదు, యుద్ధానికి ముందు చేసే ప్రయత్నం. పాత అర్థంలో చూస్తే చైనా ఇప్పుడు మంచి ఉద్యోగంలో ఉంది.

కడప కుర్రోడు:
😂 పెన్షన్ కూడా ఉంటుందేమో

ఓరుగల్లు పిల్లోడు:
మీరంత రాయబారం రాయబారం అంటున్రు గని అసలు రాయబారం ఒకటి జరిగింది, దాని సంగతి ఎవ్వలెత్తలే. 1950 అక్టోబర్ 3, అర్ధరాత్రి దాటినంక చైనా ప్రధాని చౌ ఎన్‌లై బీజింగ్‌ల మన రాయబారి పణిక్కర్‌ని పిలిపిచ్చిండు. అమెరికా సైన్యం రెండు కొరియాల నడుమ గీత, 38వ అక్షాంశం, దాటి వస్తే మేము సూస్కుంట కూసోం, "యావ్ గ్వాన్" అన్నడు. గా గ్వాన్ అనే మాటకు ఇది అని ఒక అర్థం లేదు, పట్టించుకునుడు, చూసుకునుడు, చెయ్యి పెట్టుడు, అన్నీ అదే. మన తాన "చూసుకుంటం" లేదా, ముసలోళ్లని చూసుకుంటం, "నీ సంగతి చూసుకుంట" అని కూడా అంటం, గట్ల. పణిక్కర్ ఆ ముచ్చట ఢిల్లీకి పంపిండు, ఢిల్లీ నుంచి వాషింగ్టన్‌కి పోయింది. వాళ్లు నమ్మలే. పణిక్కర్ చైనా పక్కకు వంగిండు, ఆయన మాటేంది అనుకున్నరు. అక్టోబర్ 19న చైనా సైన్యం సరిహద్దుల ఉన్న యాలూ నది దాటి కొరియాకు వచ్చింది. గప్పుడు చైనాకు బాంబు లేదు, విమానాలు కూడ అంతంతే, అయినా అమెరికాను వెనక్కి నూకింది. పద్యంల నాకు కావాల్సింది "నొత్తురు" కాదన్నా, "నా పలుకుల విశ్వసింపుము". బెదిరింపు నమ్మకపోతేనే ముప్పయితది.

తెనాలి తమ్ముడు:
అన్నా ఇది నా వ్యాసంలో పెట్టుకోవచ్చా?

ఓరుగల్లు పిల్లోడు:
పెట్టుకో. నా పేరు మాత్రం వద్దు.

బొబ్బిలి వీణ:
బావుంది కానీ కొరియాలో కూడా అదే కదా జరిగింది, నొచ్చారు, చచ్చారు. రెండు వైపులా. నా అర్థమే నిలబడింది.

గోదారి గట్టు:
అలలు అలలుగా మందిని తోశారు కదండీ కొరియాలో. ఒత్తుకొచ్చారు. చచ్చారు. ఇప్పుడు చెప్పండి ఎవరి అర్థం నిలబడిందో.

కడప కుర్రోడు:
అణుబాంబు పడితే ఒత్తేదానికి టైముండదు, నొచ్చేదానికీ ఉండదు, డైరెక్టుగా చత్తురే. ఆ పాదంలో మూడు గణాలు దండగ.

డెన్వర్ బాబాయ్:
ఒక ముక్క, పద్యానికి సంబంధం ఉందో లేదో తెలీదు. చైనా ఖండాంతర క్షిపణుల పేరు డాంగ్‌ఫెంగ్, అంటే తూర్పుగాలి. 1957లో మాస్కోలో మావో తూర్పుగాలి పడమటిగాలిని మించిపోతోందని అన్నాడు. మా అమ్మమ్మ తూర్పుగాలి తిరిగితే కిటికీ వేసేసేది, ఒళ్లు నొచ్చుతుందని.

బొబ్బిలి వీణ:
నొచ్చుతుందని!! చూశారా మాస్టారూ, బాబాయ్ వాళ్ల అమ్మమ్మ నా పక్షం.

గోదారి గట్టు:
అమ్మమ్మగారు ఛందస్సులో చెప్పలేదు.

తెనాలి తమ్ముడు:
పెద్దలూ, పేజీ పంపేస్తున్నా. హెడ్డింగ్‌లో "ముప్పు" పెట్టా, లోపల రెండో పేరాలో "బెదిరింపు". పద్యంలో "నని" తర్వాత ఖాళీ వదలాలా, కలిపేయాలా, అదొక్కటి చెప్పండి చాలు.

కడప కుర్రోడు:
కలిపెయ్ అన్నా, ఎవరికి కావాల్సిన చోట వాళ్లు కోసుకుంటారు.

బొబ్బిలి వీణ:
కలపకు తమ్ముడూ. మా ఊళ్లో నాటకంలో పీసపాటి వారి కృష్ణుణ్ణి చూసినవాళ్లు ఇంకా ఉన్నారు. "అని" దగ్గర ఆయన ఆగేవారు, ఆగి దుర్యోధనుడి వైపు చూసి అప్పుడు "నొత్తురు".

గోదారి గట్టు:
ఆగేది "అనిన్" దగ్గరండీ. మా నాన్నగారు మూడుసార్లు వన్స్‌మోర్ కొట్టారు, ఆ "న్" పొల్లు వినపడిందని చెప్పేవారు.