ఆదాము తవ్వంగ దొర ఎవడు? ఒక పాత ఇంగ్లీషు ద్విపద, దాని తెలుగు

గ్రూపులో నిన్న ఒకరు ఈ అనువాదం పెట్టి, సరిగ్గా కుదిరిందా అని అడిగారు:

"ఆదాము దున్నినప్పుడు, హవ్వ నూలు వడికినప్పుడు
పెద్దమనిషి ఎవరు?"

మూలం "వెన్ ఆడమ్ డెల్వ్‌డ్ అండ్ ఈవ్ స్పాన్, హూ వాజ్ దెన్ ద జెంటిల్‌మన్". వ్యాఖ్యలో పట్టేంత చిన్న జవాబు కాదు కాబట్టి విడిగా రాస్తున్నాను. నా ఉద్దేశంలో ఇందులో నాలుగు మాటలు మారాలి. "పెద్దమనిషి" అయితే తప్పకుండా మారాలి.

ముందు సందర్భం చెప్పాలి. 1381 జూన్‌లో ఇంగ్లండ్‌లోని కెంట్, ఎసెక్స్ రైతులు తిరగబడి లండన్ మీదికి నడిచారు. ఊరి బయట బ్లాక్‌హీత్ మైదానంలో జాన్ బాల్ అనే మతబోధకుడు ఈ రెండు పాదాలను మకుటంగా తీసుకుని వాళ్లకు ప్రసంగం చేశాడు. ఇది ఆయన కల్పించింది కాదు, అప్పటికే జనంలో ఉన్న సామెత. ఈ విషయం రాసిపెట్టినవాడు సెయింట్ ఆల్బన్స్ మఠంలోని సన్యాసి థామస్ వాల్సింగ్‌హామ్. ఆయనకు ఈ తిరుగుబాటు అంటే ఒళ్లుమంట. రాసింది లాటిన్‌లో. అయినా ఈ రెండు పాదాలను మాత్రం ఇంగ్లీషులోనే ఉంచాడు. శత్రువు చేతిరాతలో కూడా జనం నోటి మాట జనం భాషలోనే మిగిలింది. నన్ను ఎక్కువగా కదిలించే విషయం ఇదే.

ఇక మాటలు. "డెల్వ్" అంటే "దున్నడం" కాదు, "తవ్వడం". ఆ కాలపు బరువు నాగలికి చాలా ఎడ్లు కావాలి, ఎనిమిదింటిని కట్టిన చోట్లు కూడా ఉన్నాయి. అన్ని ఎడ్లు ఒక్క రైతుకు ఎక్కడివి? ఊళ్లో నలుగురూ కలిపి కట్టుకునేవాళ్లు. ఆదాముకు ఉన్నది ఒక పార, రెండు చేతులు. కాంటర్‌బరీ కెథీడ్రల్ కిటికీ అద్దాల మీద 12వ శతాబ్దపు ఆదాము తవ్వుతూనే కనిపిస్తాడు. "నూలు" కూడా తీసేస్తే మంచిది. అది మనకు పత్తిని గుర్తు చేస్తుంది, వాళ్లు వడికింది ఉన్ని, అవిసె నార. ఉత్త "వడకంగ" సరిపోతుంది.

అసలు చిక్కు జెంటిల్‌మన్ దగ్గర. ఈ రోజు ఆ మాటకు మర్యాదస్తుడు అని అర్థం. "పెద్దమనిషి" కూడా అలాంటిదే, మంచితనంతో ఎవరైనా సంపాదించుకోగల పేరు. 1381లో అది గుణం కాదు, పుట్టుక. "జెంటిల్" అంటే మంచి వంశంలో పుట్టినవాడు. తర్వాత 1413లో వచ్చిన ఒక చట్టం, కోర్టు వ్యాజ్యాల్లో ప్రతివాది హోదా ఏమిటో రాయాలంది. దాంతో "జెంటిల్‌మన్" కాగితాల మీద ఒక అంతస్తు పేరుగా స్థిరపడింది.

అటువైపు వెట్టి రైతుకు మేనరు (దొర ఎస్టేటు) దస్తావేజుల్లో ఉన్న లాటిన్ మాట "నేటివస్". దానికీ అర్థం పుట్టుకే: ఆ స్థితిలోనే పుట్టినవాడు. వారంలో రెండు మూడు రోజులు దొర పొలంలో ఊరికే పని చేయాలి, కోతల్లో ఇంకా ఎక్కువ. కూతురి పెళ్లికి దొరకు రుసుము కట్టాలి. ఇంటి యజమాని చనిపోతే ఇంట్లో ఉన్న పశువుల్లో మంచిది దొరకు పోతుంది. చాలాచోట్ల దాని తర్వాతి మంచిదాన్ని చర్చి తీసుకునేది. గింజలు దొర మిల్లులోనే ఆడించాలి. సెయింట్ ఆల్బన్స్‌లో 1330లలో మఠాధిపతి ఊళ్లోవాళ్ల తిరగళ్లన్నీ లాక్కుని, ఆ రాళ్లను మఠంలో నేలకు పరిపించాడు. యాభై ఏళ్ల తర్వాత, 1381 జూన్‌లో, ఊరివాళ్లు లోపలికి వెళ్లి ఆ రాళ్లను పెకలించి, ముక్కలు చేసి, చర్చిలో ప్రసాదపు రొట్టె పంచుకున్నట్టు తలా ఒకటి పంచుకున్నారు. ఇది రాసింది కూడా వాల్సింగ్‌హామే.

కాబట్టి ద్విపద అడుగుతున్నది మంచివాడెవడు అని కాదు. అందరూ ఆ ఇద్దరికే పుట్టినప్పుడు ఈ పుట్టుక తేడా ఎక్కడిది అని. 1348-49 ప్లేగులో జనం లెక్కలేనంతమంది పోయారు. పనివాళ్లు దొరక్క కూలి పెరిగితే, 1351 చట్టం దాన్ని ప్లేగు ముందటి రేటుకే కట్టేసింది. ఆ పైన తలపన్ను: 1377లో తలకు 4 పెన్నీలు, 1380 చివర్లో 12. అంతా ఓర్చుకున్నవాళ్లు అడుగుతున్నారు కనుక "ఎవరు" కన్నా "ఎవడు" నయం. ఆ కోపం అనువాదంలోకి రావాలి.

జెంటిల్‌మన్‌కు నేను "దొర" అంటాను. దీనికొక ఇబ్బంది ఉంది. మనకు కాటన్ దొర, బ్రౌన్ దొర అంటూ ఇంగ్లీషువాడు ఎవడైనా దొరే. ఇక్కడ అడుగుతున్నవాళ్లూ ఇంగ్లీషువాళ్లే, తమ నెత్తిమీద ఉన్న సొంత దొర గురించి. అయినా ఆ మాటే ఉంచుతాను. పుట్టుక, భూమి, వెట్టి మూడూ కలిసి వినిపించే మాట తెలుగులో నాకు ఇంకొకటి తట్టలేదు.

"ఆదాము తవ్వంగ, హవ్వ వడకంగ
ఆనాడు దొర ఎవడు?"

చేర్పు: ఇద్దరు అడిగినవాటికి జవాబులు.

ఒకటి, తర్వాత ఏమైందని. పద్నాలుగేళ్ల రాజు రెండో రిచర్డ్ జూన్ 14న మైల్ ఎండ్ దగ్గర వెట్టి రద్దు చేస్తానని పత్రాలు ఇప్పించాడు. మర్నాడే స్మిత్‌ఫీల్డ్‌లో నాయకుడు వాట్ టైలర్‌ను చంపారు. జూలైలో పత్రాలు రద్దయ్యాయి. పాత మాట గుర్తుచేయడానికి వచ్చిన ఎసెక్స్ మనుషులతో రాజు, మీరు వెట్టివాళ్లే, ఇక ముందు ఇంతకన్నా హీనంగా ఉంటారు అన్నాడని వాల్సింగ్‌హామ్ రాశాడు. జాన్ బాల్‌ను జూలై 15న సెయింట్ ఆల్బన్స్‌లో ఉరితీసి, శవాన్ని నాలుగు ముక్కలు చేశారు.

రెండు, "విలన్" అనే మాటకూ దీనికీ సంబంధం ఉందా అని. ఉంది. మనం సినిమా కబుర్లలో వాడే విలన్, నేను పైన వెట్టి రైతు అన్న "విలెయిన్" మొదట ఒకటే మాట. పల్లె కమతంలో పనిచేసేవాడని దాని అర్థం. కాలక్రమంలో పై వర్గం పేరు మంచితనానికి, కింది వర్గం పేరు దుర్మార్గానికి గుర్తయ్యాయి. అనువాదంలో విలెయిన్‌ను "బానిస" అనకండి, అతనికి సాగు చేసుకునే భూమి ఉండేది. "పాలేరు" కూడా అతకదు, పాలేరుకు ఉండేది జీతం. "వెట్టి రైతు" అని రాసి, మొదటిసారి వచ్చినచోట ఒక వాక్యంలో వివరిస్తే చాలు.